నోరెత్తకుండా కనాలంట

ఆ ఎండాకాలం మా అమ్మ ఇంట్లో నేను కాలు కాలిన పిల్లిలా తిరిగాను. వంటింట్లో నుంచి పెరట్లోకి, పెరట్లో నుంచి వీధి అరుగు మీదికి, అక్కడ ఎండ మొహాన కొడితే మళ్ళీ లోపలికి. పెళ్ళయిన చాలా ఏళ్ళకు నిలిచిన కడుపు. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని కదిరిలో మా అత్తగారింటి నుంచి తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారని మాటవరసకు అంటున్నాను, నేను కూర్చుంటే గదా! పడుకుంటే ఊపిరాడదు, లేస్తే నడుము లాగుతుంది, నిలబడితే కాళ్ళు బరువు. లోపలున్నదానికీ నా తీరే వచ్చినట్టుంది. ఒక పక్కకు తిరిగితే తన్నేది, ఇంకో పక్కకు తిరిగితే ఎక్కిళ్ళు పెట్టేది.

"ఒగ చోట కుదురుగా ఉండవేమ్మే," అని అమ్మ కసిరేది. "నీ నడకకి ఇల్లదిరిపోతాండాది."

"కుదురుగా ఉండనీకి నేనేమన్నా రోలా?" అనేదాన్ని.

మా నాయన పోయి చాలా కాలమైంది. ఇంట్లో అమ్మా నేనే. ఆమెకు నేను ఒక్కతే బిడ్డను. మా ఊరు శింగనమల చెరువుకు ఇవతల ఉంటుంది. అప్పుడు ఊరంతా వేరుశనగ వేయడానికి తొలి వాన కోసం చూస్తోంది. దుక్కులు దున్ని పెట్టుకున్నారు, మబ్బు వస్తుంది, గాలి వస్తుంది, దుమ్ము వస్తుంది, వాన మాత్రం రాదు. అందరికీ ఒళ్ళు చిరచిరలాడుతోంది. నా సంగతి చెప్పనే అక్కర్లేదు, నాకు మామూలు రోజుల్లోనే కోపం ముక్కు మీద ఉంటుంది.

చూపించుకోవడానికి బస్సెక్కి అనంతపురం ఆసుపత్రికి పోయేదాన్ని. అక్కడ కాన్పులు చేసే నర్సమ్మ ఒకామె ఉండేది. లావుపాటి మనిషి, గొంతు ఇంకా లావు. ఆమె పద్ధతే వేరు. చూపించుకోవడానికొచ్చిన ఆడవాళ్ళనూ, వాళ్ళ వెంట వచ్చి బయట టీ కొట్టు దగ్గర నక్కిన మొగుళ్ళనూ పట్టుకొచ్చి వరండాలో కూర్చోబెట్టి, కాన్పు గదిలో వినబడే మాటలన్నీ ముందే చెప్పేది.

"ఆ పొద్దు నొప్పుల్లో ఉన్నప్పుడు నేను పీవీ చేయాల అంటే, మీరేమో కోసేస్తారేమోనని కాళ్ళు ముడుచుకుంటారు. ఇప్పుడే తెలుసుకోండి. పీవీ అంటే కోతా కాదు, కుట్టూ కాదు. వేళ్ళతో లోపల తడిమి గర్భసంచి మూతి ఎంత తెరుచుకుందో చూడడం. అంతే!"

గర్భసంచి మూతి అంటే ఏమిటో చూపించడానికి ఎవరిదో చేతిసంచి లాక్కుని, దాని మూతిని గుప్పిట్లో బిగించి, కొద్దికొద్దిగా వదులు చేస్తూ చూపించింది. నొప్పి వచ్చినప్పుడల్లా ఇట్లా కాస్త కాస్త తెరుచుకుంటుంది, పూర్తిగా తెరుచుకున్నాకే ముక్కమంటాము, అంతకు ముందే ముక్కితే మూతి వాచిపోతుంది అంది. ఆ సంచిలో ఉన్న టమాటాలు కిందపడి దొర్లాయి. మొగవాళ్ళు అవి ఏరుకునే సాకుతో తలలు వంచుకున్నారు.

మా ఆయన ఒక్కడే తలవంచుకోలేదు. ఆయన ప్రైవేటు బస్సులో కండక్టరు. సిగ్గనేది ఆయన పుట్టుకలోనే లేదు.

"అక్కా, దొంగ నొప్పులంటారు గదా, అవి దొంగవా అసలువా అని యాడ కనుక్కునేది?" అని గట్టిగా అడిగాడు.

"అట్ల అడుగప్పా! కాసేపు నడిచినాక, పక్కకి తిరిగి పండుకున్నాక తగ్గిపోతే దొంగవి. ఏం చేసినా తగ్గకుండా, రాను రాను దగ్గరదగ్గరగా, ఇంకా గట్టిగా వస్తాంటే అసలువి."

"మరి ఉమ్మనీరు పోతే?"

నర్సమ్మ అప్పుడు నవ్వడం మానేసింది. "అది అందరూ బాగా వినండి. ఉమ్మనీరు పోతే నొప్పులు రానీ రాకపోనీ, ఆగకుండా రావాల. ఒంటేలు అయితే ఆపుకుంటే ఆగుతాది, ఇది ఆగదు. తెల్లగుడ్డ పెట్టుకుని రంగు చూడండి. నీళ్ళ మాదిరి ఉంటే సరే. పచ్చగా ఉందంటే బిడ్డ లోపలే దొడ్డికి పోయింది. ఆ నీళ్ళు బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే చేటు. అప్పుడు సంగటి తిని వస్తాం, సామాన్లు సర్దుకుని వస్తాం అనొద్దు." తర్వాత నావైపు తిరిగింది. "నీకు తల ఇంకా కిందికి దిగలేదు. నువ్వు మరీ జాగ్రత్త."

ఆ మాటలు నాకు భయం పెట్టలేదు, నిజం చెబుతున్నాను. పేరు తెలిశాక భయం సగమైంది. అంతవరకు నా లోపల ఏదో జరుగుతోంది, అదేమిటో నాకు తప్ప అందరికీ తెలుసు అన్నట్టుండేది. ఇప్పుడు మాయ ఎక్కడుందో, బిడ్డ తల ఎటుందో, ఎదురుకాళ్ళంటే ఏమిటో నాకూ తెలుసు.

మా ఆయనకు తెలియడమంటే మాత్రం ఊరందరికీ తెలియడమే. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. బస్సులో కడుపుతో ఉన్న ఆడమనిషి ఎక్కితే చాలు, "సీటియ్యండప్పా, ఆయమ్మకి తల దిగిందో లేదో," అనేవాడట! ఆ బస్సు డ్రైవరు పెళ్ళాం నాకు ఫోన్ చేసి మరీ చెప్పి నవ్వింది.

అమ్మ మాత్రం ఆ మాటల్ని గడప తొక్కనివ్వలేదు. నేను అన్నం తింటూ ఉమ్మనీరు అన్నానంటే చెంబు నేలమీద టంగుమని పెట్టేది. ఆమెకు అన్నీ "అది"నే. మాయ అది, నొప్పులు అది, కాన్పూ అదే. ఇది సిగ్గు కాదు. మా ఇళ్ళల్లో ఒక పట్టింపు ఉంది. నొప్పులు వచ్చిన సంగతి బయటికి పొక్కకూడదు. ఎంతమందికి తెలిస్తే అంతసేపు నొప్పులు పడాలట, కాన్పు అంత కష్టమవుతుందట. అందుకే కన్నదాకా గుట్టు. మా పక్కింటావిడ కోడలు కన్న రోజు ఆ ఇంట్లో వాళ్ళు మధ్యాహ్నం దాకా మాతో మామూలుగా కబుర్లు చెప్పి, బిడ్డ ఏడుపు వినబడ్డాక, "అగో, వచ్చేసినాది," అన్నారు. ఇంకా కొందరు నొప్పులు పడే మనిషి అరిచినా ఒప్పుకోరు. నోరెత్తకుండా కనాలంట! కనేవాళ్ళకు తెలుస్తుంది ఆ బాధ, చెప్పేవాళ్ళదేం పోయింది?

అందరిళ్ళల్లో ఉన్న పట్టింపే గానీ మా అమ్మకు అది పిచ్చి. "అల్లునికి మాత్రం చెప్పొద్దు," అని రోజూ నూరిపోసేది. "ఆయప్పకి చెప్తే కదిరి నుంచి అనంతపురం దాకా ప్రతి స్టాపులో టముకేస్తాడు."

"మొగునికి చెప్పకపోతే ఎవరికి చెప్పాలమ్మా?"

"ఎవరికీ వద్దు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడతాది. నా మాట వినుమ్మే."

విననని మొండికేసేదాన్ని. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. అవి చూస్తే నాకు ఇంకా చిరాకు. ఒక పట్టింపు కోసం ఏడవడమేమిటి అనుకునేదాన్ని.

ఆ రోజు మా అరుగు మీద విత్తనం కాయలు వలుస్తున్నారు. మా దగ్గర విత్తనానికి వేరుశనగ కాయలు మిషన్లో వేస్తే గింజ పగులుతుందని చేతులతోనే వలుస్తారు. ఒక రోజు ఒకరింటి అరుగు మీద, ఇంకో రోజు ఇంకొకరింటి అరుగు మీద, వీధిలో ఆడవాళ్ళంతా చేరతారు. ఆ రోజు మా వంతు. పొద్దున్నుంచే గోనెపట్టాలు పరిచి, చాటలు పెట్టుకుని, అరుగు నిండా జనం. నోళ్ళూ ఆడుతున్నాయి, వేళ్ళూ ఆడుతున్నాయి.

నేను పెరట్లో మొహం కడుక్కుని లేవబోయాను. తొడల వెంట వెచ్చగా జారింది. బిగబట్టాను. ఆగలేదు. లోపలికి పోయి తెల్లగుడ్డ పెట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడి, కాసేపాగి తీసి చూశాను. పచ్చగా ఉంది. పలచటి పెసరకట్టులాగా.

"అమ్మా!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

అమ్మ వచ్చి గుడ్డ చూసింది. చూసి మొదట చేసిన పని, నా నోటి మీద చెయ్యి పెట్టడం.

"ఉష్! ఎవరన్నా విన్నారా?"

"అమ్మా, ఉమ్మనీరు పోతాండాది. పచ్చగా ఉండాది. బిడ్డ లోపలే దొడ్డికి పోయింటాది. ఇప్పుడే పోవాల."

"పోదాం, పోదాం. పోకుండా ఉంటామా? అరుగు నిండా జనముండారు. ఇప్పుడు ఆటో పిలిస్తే ఊరంతా తెలిసిపోతాది. వాళ్ళు సంగటి తిననీకి లేస్తారు గదా, అప్పుడు ఎనక దావన గుట్టుగా పోదాం. అంతవరకు వచ్చి వాళ్ళ మధ్య కూసో. కనపడకపోతే అనుమానం వస్తాది."

నా ఫోన్ ఆమె జాకెట్లోకి పోయింది. నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి అరుగు మీద కూర్చోబెట్టి, నా ముందు చాట పెట్టింది. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. కడుపులో బిడ్డకు ఏమవుతుందో తెలియదు, నేనేమో కాళ్ళు చాపుకుని వేరుశనగ కాయలు వలుస్తున్నాను! అంత కోపిష్టిదాన్ని, ఎందుకు కూర్చున్నానంటే ఏం చెప్పను? అమ్మ మొహం అట్లా ఉంది. అంత భయం నేను ఆమె మొహంలో ఎప్పుడూ చూడలేదు. నాయన పోయిన రోజు కూడా చూడలేదు.

కాయ నొక్కుతున్నాను, గింజ చాటలో పడుతోంది, పొట్టు పక్కకు పోతోంది. కింద తడి తెలుస్తోంది. ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. ఎదురింటి అత్త నావైపు చూసింది.

"ఏమ్మే, మొగమట్ల వాడిపోయినాది?"

"రాత్రి నిద్ర లేదు దానికి," అని అమ్మ అందుకుంది.

మొదటి నొప్పి అప్పుడొచ్చింది. నడుము నుంచి మొదలై చుట్టూ తిరిగి ముందుకొచ్చి పిండింది. పళ్ళు కరుచుకున్నాను. అది పోయింది. ఇంకొకటి వచ్చింది, ముందుదానికంటే గట్టిగా. ఎదురింటి అత్త తన కోడలు కూరలో ఉప్పు మరిచిపోయిన సంగతి చెబుతోంది, అందరూ నవ్వుతున్నారు, నేను కూడా నవ్వాను. అమ్మ జాకెట్లో ఫోన్ మోగింది. మా ఆయన.

"పండుకుండాది నాయనా," అని అమ్మ చెప్పింది. "లేచినాక చేస్తాదిలే. బాగుండాది, బాగుండాది."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆ మంటలోనే ఇంకొకటి తట్టింది. పొద్దున లేచినప్పటి నుంచి ఒకటే పనిగా తన్నిన బిడ్డ ఇప్పుడు కదలడం లేదు. చాట పక్కనపెట్టి కడుపు మీద చెయ్యి వేశాను. అటు తట్టాను, ఇటు తట్టాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇన్నేళ్ళకు వచ్చిన బిడ్డ! ఎవరికీ తెలియకూడదని అనుకుంటూ కూర్చుంటే, రేపు అందరికీ తెలిసేది ఏమిటి?

లేచి నిలబడ్డాను. చాట తన్నుకుని బోర్లా పడింది. గింజలన్నీ వీధిలోకి దొర్లాయి.

"నాకు ఉమ్మనీరు పోతాండాది!" అని అరిచాను. "పచ్చగా పోతాండాది! నొప్పులు వస్తాండాయి, అసలు నొప్పులు! బిడ్డ కదలడం లే! ఎవరిదన్నా ఆటో ఉంటే పిలవండి!"

వీధి చివర రచ్చబండ దగ్గర కూర్చున్న మొగవాళ్ళకు కూడా వినబడేలా అరిచాను. అమ్మ అక్కడే కూలబడి నెత్తి మీద కొట్టుకుంది. "అయిపాయ, అంతా అయిపాయ, ఊరంతా చాటేసినాది," అంటోంది.

తర్వాత ఏం జరిగిందో చెబుతాను, వినండి. ఎవరికి తెలియకూడదని మా అమ్మ అంత భయపడిందో, ఆ ఆడవాళ్ళే ఒక్క ఉదుటున లేచారు. నాలుగిళ్ళ అవతల లగేజీ ఆటో ఉంది, దాని నిండా కాయల మూటలు. ఎదురింటి అత్త చీర కుచ్చిళ్ళు దోపుకుని ఆటో ఎక్కి మూటలు కిందికి దొర్లించడం మొదలుపెట్టింది. "ఏమప్పా చూస్తాండావు, పట్టు!" అని ఆటో అతని మీద అరిచింది. తలా ఒక చెయ్యి వేశారు. మూటలు పోయిన చోట దుప్పట్లు పరిచారు. ఎవరో నీళ్ళ సీసా ఇచ్చారు, ఎవరో పాత చీరలు ఇచ్చారు, ఎవరో అమ్మను రెక్క పట్టుకుని లేపి నా పక్కన కూర్చోబెట్టారు. నేను నర్సమ్మ చెప్పినట్టు ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను. ఎదురింటి అత్త కూడా ఎక్కింది. కాళ్ళకు చెప్పుల్లేవు, జుట్టు నిండా పొట్టు.

అమ్మ జాకెట్లో నుంచి ఫోన్ తీసి మా ఆయనకు చేసింది కూడా ఆ అత్తే. అవతల ఆయన అన్నది మా అందరికీ వినబడింది. "డ్రైవరన్నా, ఆపన్నా! నా పెండ్లానికి ఉమ్మనీరు పోయినాదంట!" బస్సులో జనమంతా ఏదో అరుస్తున్నారు. ఒక్క బస్సు కాదు, దారిలో ఎదురొచ్చిన బస్సులన్నింటికీ చెప్పుకుంటూ వచ్చాడని తర్వాత తెలిసింది.

ఆటోలో గతుకులకు నా తల అమ్మ ఒళ్ళో ఎగిరెగిరి పడుతోంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది గానీ నా మొహం వైపు చూడలేదు. నేను కడుపు మీద చెయ్యి తీయలేదు. కదులు, కదులు, ఒక్కసారి కదులు తల్లీ అని లోపల్లోపల తిట్టినట్టు అడుగుతున్నాను. శింగనమల దాటాక, చిన్నగా, మోచెయ్యి తగిలించినట్టుగా కదిలింది. నేను అప్పుడు ఏడ్చాను.

ఆసుపత్రిలో గుడ్డ చూడగానే నర్సమ్మ నడక మారిపోయింది. కడుపుకు బెల్టు కట్టి బిడ్డ గుండె చప్పుడు పెట్టింది. గుర్రం పరిగెత్తినట్టు టకటకమని వినబడింది. డాక్టరమ్మ వచ్చి, "గుండె బాగుంది. మూతి తెరుచుకుంటోంది, తల కూడా దిగింది. చూద్దాం. గుండె తగ్గితే మాత్రం ఆపరేషనే," అంది. ప్రతి మాటా నాకు అర్థమైంది. పీవీ అన్నప్పుడు కాళ్ళు ముడుచుకోలేదు. ముక్కొద్దు అన్నప్పుడు ఎందుకొద్దో తెలుసు కాబట్టి, ప్రాణం పోతున్నా ముక్కకుండా ఊపిరి వదిలాను.

ఊపిరి వదిలాను గానీ నోరు మూసుకోలేదు. అరిచాను. మా ఆయన్ని, వాళ్ళ అమ్మను, వాన రాని ఆకాశాన్ని, అందరినీ కలిపి తిట్టాను. అమ్మ నా తల దగ్గర నిలబడి ఉంది. నేను అరిచినప్పుడల్లా ఆమె చెయ్యి నా నోటి మీదికి వచ్చేది. నర్సమ్మ రెండుసార్లు చూసి ఊరుకుంది. మూడోసారి ఆ చెయ్యి పట్టుకుని తీసేసింది.

"అరవనీమ్మా. ఎవరికేం నష్టం? నువ్వు దాని ఊపిరి ఆపుతాండావు."

ఇక ముక్కు అన్నాక ఎంతసేపు ముక్కానో గుర్తులేదు. నడుము రెండుగా విరిగింది అనుకున్నాను. బిడ్డ జారిపోయినట్టు తెలిసింది. ఏడుపు వినబడలేదు.

ఆ ఏడుపు కోసం చూసిన కాసేపట్లో నేను నా జన్మంతటికీ సరిపడా భయపడ్డాను. అక్కడ మూలన దీపం కింద బిడ్డను బల్ల మీద పెట్టి ఏదో గొట్టంతో నోట్లోనూ ముక్కులోనూ లాగుతున్నారు. "ఏమయింది? నాకు చెప్పండి, ఏమయిందో చెప్పండి!" అని అరుస్తున్నాను. "పచ్చనీళ్ళు తీస్తాండాము, ఆగు," అంది నర్సమ్మ, తిరిగి చూడకుండానే. అమ్మ గోడకు అంటుకుపోయి కళ్ళు మూసుకుంది. ఆమె పెదవులు కదులుతున్నాయి.

ముందు దగ్గు. తర్వాత చిన్న మూలుగు. తర్వాత కేర్‌మని ఒకటే ఏడుపు. వరండాలో నుంచి మా ఆయన, "వచ్చినాది! వచ్చినాది!" అని అరవడం లోపలికి వినబడింది. ఆడపిల్ల. గొంతు అచ్చం నాదే.

మాయ కూడా పడిపోయి, నన్ను మంచం మీదికి మార్చి, బిడ్డను రొమ్ముకు పెట్టాక నర్సమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. ఎదురింటి అత్త అంతా చెప్పేసినట్టుంది. అమ్మ వైపు తిరిగి గట్టిగానే అడిగింది.

"ఏమ్మా, కన్నతల్లివేనా నువ్వు? పచ్చనీళ్ళు పోతాంటే బిడ్డను చెనక్కాయలు వలవనీకి కూసోబెడతావా? ఇంకాసేపు ఆలస్యమై ఉంటే?"

నేనైనా ఊరుకోవలసింది, ఊరుకోలేదు. "చెప్పు, ఏంటికి చెప్పనీలేదు? నా బిడ్డ కంటే నీకు పట్టింపు ఎక్కువనా?" అన్నాను.

అమ్మ నా మంచం అంచు పట్టుకుంది.

"చెప్తే పోతాదని," అంది. "నాది పోయినాది."

నాకు అర్థం కాలేదు. నర్సమ్మకు అర్థమైంది. లేచి, తన స్టూలు మీద అమ్మను కూర్చోబెట్టింది.

నాకు ముందు అమ్మకు ఒక మగబిడ్డ పుట్టాడట. తొలి కాన్పు, వాళ్ళమ్మగారి ఊళ్ళో, విడపనకల్లు పక్కన. నీళ్ళు పోయాయి. నీళ్ళతో పాటు ఏదో మెత్తగా తాడులాంటిది బయటికి జారింది. చేత్తో పట్టుకుంటే అది కొట్టుకుంటోంది. అమ్మ బెదిరిపోయి అరిచింది. వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది. మంత్రసాని వచ్చేసరికి ఆ కొట్టుకోవడం ఆగిపోయింది. బిడ్డ ఏడవలేదు.

"మా యమ్మ అన్నాది, నోరు మూసుకుని కనలేకపోతివా, ఊరంతా చాటి దిష్టి తగిలించి చంపుకుంటివి అని," అంది అమ్మ. "ఇది పుట్టేటప్పుడు నోట్లో గుడ్డ కుక్కుకున్యా. కిక్కురుమనలేదు. ఇది బతికినాది. అందుకే... దీనికీ అట్లనే..."

ఇంతకాలం ఆమె మాట్లాడేది ఒక పట్టింపు గురించి అనుకున్నాను. ఆమె ఒక బిడ్డ గురించి మాట్లాడుతోందని నాకేం తెలుసు?

నర్సమ్మ అమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుంది. వరండాలో మాకు చెప్పినట్టే నెమ్మదిగా, చేతులతో చూపిస్తూ చెప్పింది. బిడ్డ తల కిందికి దిగి మూతికి అడ్డంగా కూర్చోకముందే ఉమ్మనీరు పోతే, అప్పుడప్పుడు బొడ్డుతాడు బిడ్డకంటే ముందు జారిపోతుంది. తర్వాత తల వచ్చి దాని మీద అదిమితే బిడ్డకు నెత్తురు అందదు. అప్పటికప్పుడు ఆపరేషన్ చేస్తేనే బిడ్డ దక్కేది, ఆ పల్లెలో ఆ రోజుల్లో ఎవరూ ఏమీ చేయగలిగింది లేదు.

"నేను గుట్టుగా ఉండింటే?"

"గుట్టుగా ఉన్నా జారేదేనమ్మా. నువ్వు అరవడం వల్ల కాదు. అరిచినావు కాబట్టే నలుగురూ వచ్చినారు. నా చేతుల మీద కూడా అట్లాంటివి జరిగినాయి. మేము దాన్ని కార్డ్ ప్రొలాప్స్ అంటాము."

అమ్మ తల ఎత్తింది. "దానికి పేరుండాదా?"

"ఉండాది."

"పేరు పెట్టినారంటే..." అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇంగా శానామందికి అయ్యింటాది గదా?"

"అయ్యింటాదమ్మా. శానామందికి."

అమ్మ ఏడ్చింది. మామూలు ఏడుపు కాదు. గుండెలు బాదుకుంటూ, నోరారా, నా అరుపులు ఏపాటివి అనిపించేటట్టు ఏడ్చింది. వార్డులో అందరూ లేచి చూశారు. మా ఆయన తలుపులో నిలబడిపోయాడు. నా బిడ్డ ఉలిక్కిపడి రొమ్ము వదిలేసి తానూ మొదలుపెట్టింది. నర్సమ్మ ఎవరినీ ఊరుకోమనలేదు.

సాయంత్రం పక్క మంచం ఆమె తల్లి మా దగ్గరికి వచ్చి కూర్చుంది. బిడ్డను చూసింది, ఎవరి పోలికో చెప్పింది, ఏ ఊరో అడిగింది. తర్వాత అందరూ అడిగేదే అడిగింది.

"నీకు ఈయమ్మ ఒక్కతేనా అక్కా బిడ్డ?"

చిన్నప్పటి నుంచి ఆ ప్రశ్న వింటున్నాను, దానికి జవాబూ వింటున్నాను. ఒక్కతే అనేది అమ్మ, అని మాట మార్చేది.

అమ్మ నా బిడ్డ కాళ్ళు గుడ్డలో చుడుతోంది.

"ఇద్దరు," అంది. "పెద్దోడు బొడ్డుతాడు ముందు జారి పోయినాడు. ఇది రెండోది."